జాకెట్ మీద జాకెట్

టికెట్ల కాడి పిలగాడు
మెడల నుంచి తొడిగి, బెల్టు గుంజి, టక్కున బిగిచ్చిండు.
"జాకెట్ మీద జాకెట్" అని అండాలు నవ్వింది.
కొత్తవాడ జంపఖానాల సంఘం, పదకొండు మందిమి,
అందరం నారింజ రంగుల
అద్దకం తొట్టిలకెల్లి తీసి ఆరేసిన నూలు చిలపల లెక్క.

పడవ నడిపేటోడు ఈసం లాలయ్య.
పొద్దున్నుంచి ఇది నాలుగో తిరుగుడట, గొంతు బొంగురువోయింది.
"ఎడమ దిక్కు చూడుండ్రి, ఏనుగు పండుకున్నట్టు బండ.
కుడి దిక్కు ఎండిన మోడు మీద నీటికాకి,
రెక్కలారవెట్టుకుంటది.
నీళ్ళల్ల చేతులు వెట్టద్దు."
రాజకొమురక్క గప్పుడే వెట్టింది.

సముద్రం గిట్లనే ఉంటదా అని అడిగితే
"నేను సూడలే" అన్నడు.
"చూసినోళ్ళు మాత్రం ఈడికొచ్చి
గిది సముద్రం లెక్కనే ఉన్నదంటరు."

నాకు పడవ కొత్త గాదు.
ఎవ్వరికి చెప్పలే గని, ఇది రెండోది.
మొదటిదానికి టికెట్ లేకుండె.
ఆ వానకాలం, తెల్లారగట్ల మూడింటికి
మా గల్లీలకు రబ్బరు పడవొచ్చింది.
మగ్గం గుంత నిండి తొక్కుడు పలకలు తేలినయి.
సగం నేసిన జంపఖానా, నీలం మీద ఎరుపు చారలది,
నీళ్ళల్ల రంగు విడుస్తాంది.
ముందట తాడు పట్టుకొని నడిచిన పిలగాడు గూడ
గిట్లనే చూపిచ్చుకుంట పోయిండు:
"గిది కిరాణం, అడుగున మెట్లున్నయి.
గిది కరెంటు స్తంభం, ముట్టద్దు.
గా డాబా మీద ఎవరన్న ఉన్నరా?"
డాబా మీద ఒక మేక, ఒక ముసలాయన, గ్యాస్ బండ.
అప్పుడు నాకు జాకెట్ ఇయ్యలే.
అడుగుదామన్న సోయి నాకూ లేదు.

సొరికె కాడికొచ్చేసరికి లాలయ్య ఇంజన్ బందు వెట్టిండు.
"తలకాయలు వంచుండ్రి."
వంచినం.
లోపల గబ్బిలాల వాసన, పాత తడి.
నీళ్ళ మీంచి లేచిన ఎలుగు
పైబండ మీద పడుగు తీరు కదులుతాంది.
పేక లేదు. ఉత్త పడుగు.
చెయ్యి ఊకోక
గోటితోని ఒక పోగు పక్కకు జరుపవోయిన.
"సప్పుడు చెయ్యుండ్రి, మల్ల ఇనవడ్తది" అన్నడు.
ప్రమీల కూత వెట్టింది. అండాలు చప్పట్లు గొట్టింది.
నా నోట్లకెల్లి మాత్రం
"ఎవరన్న ఉన్నరా" అని వచ్చింది.
సొరికె దాన్నే మూడుసార్లు అడిగింది.
కొద్దిసేపు ఎవ్వరం మాట్లాడలే.
లాలయ్య ఇంజన్ షురూ జేసిండు.

దీవి మీద ఇసుక మెత్తగుంది.
ఏటూరునాగారం దిక్కుకెల్లి టిప్పర్లల్ల వచ్చిందట,
పెద్ద పడవ మీద దాటిచ్చి పోసిండ్రట.
సర్వపిండి డబ్బాలు విప్పినం. లాలయ్యకు రెండు తునకలు పెట్టిన.
నమిలుకుంట చెప్పిండు, ఇవి టికెట్ మాటలు గావు:
"యాసంగికి తూము లేపితే
గిది దీవి గాదక్కా, గుట్టనే.
మా నాయిన నడుసుకుంట వచ్చి గొడ్లు మేపేటోడు.
గుట్ట ఏడికి పోదు. నీళ్ళే వస్తయి, పోతయి."

నిజమే. మా ఇంట్లకెల్లి గూడ పోయినయి.
మూడు దినాలు బురద ఎత్తిపోసినం.
ఎరుపు మాత్రం నీలంల ఉండిపోయింది.
ఆ జంపఖానా ఎవ్వరు కొనలే,
ఇంట్లనే పరుసుకుంటం.

ఒడ్డుకు రాంగనే పిలగాడు లెక్కవెట్టిండు.
"పదే ఉన్నయి. ఇంకోటేది?"
అందరం దేవులాడినం. పడవ అడుగున, సంచులల్ల,
రాజకొమురక్క అయితే బస్సు కింద గూడ చూసింది.
ఆఖరికి అండాలు నా దిక్కు తిరిగి
కడుపు పట్టుకొని కూలవడ్డది.
నా మీదనే ఉండె.

తెగిన పోగులు చీకట్ల గూడ అతికే వేళ్ళకు
ఆ బకిల్ అందలేదని చెప్పిన.
వాడు టక్కున ఊడదీసిండు.

బస్సెక్కినంక, ములుగు దాటేదాక,
ఆ బెల్టు ఉన్న జాగను
కొంగు కింద చెయ్యివెట్టి పట్టుకొని కూసున్న.